రెండు కప్పలు, ఒక ట్రాలీ

నాకు మెకానిక్ బుర్ర ఉందని నా గట్టి నమ్మకం. ఈ నమ్మకం మా ఇంట్లో నాకొక్కడికే ఉంది. చాలా ఏళ్ల క్రితం మిక్సీ ఆగిపోతే విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. తిరిగింది. చివర్లో కొన్ని మరలు మిగిలిపోయిన మాట నిజమే, అయినా తిరిగింది కదా. అప్పటినుంచి ఇంట్లో ఏది పాడైనా మా ఆవిడ నాకు తెలియకుండా బాగుచేయించుకుంటోంది. మోటారు కాలినా, ఫ్యాను ఆగినా నేను ఊళ్లోకి వెళ్లిన వేళ చూసి మనిషిని పిలిపిస్తుంది. నేను తిరిగొచ్చేసరికి అన్నీ తిరుగుతుంటాయి. ఇలాంటి పేరున్నవాణ్ణి, పోయిన శీతాకాలంలో ఒక చిన్న ట్రాలీని రెండు ఏటీవీలు, అంటే మట్టిలో తిరిగే నాలుగు చక్రాల మోటారుబళ్లు, పట్టేలా మార్చే పని నెత్తినేసుకున్నాను.

ఎందుకు నెత్తినేసుకున్నానో ముందు చెప్పాలి, లేకపోతే పిచ్చి పట్టిందనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు.

మేముండేది ఆగిరిపల్లి పక్కన. ముసునూరు దగ్గర మాకో మామిడితోట ఉంది. మాకు అనేది మర్యాదకి అంటున్న మాట, అది మా ఆవిడది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న మొక్కలు నాటితే వాళ్లమ్మా తనూ బిందెలతో నీళ్లు మోసి పోశారు. ఎక్కువ చిన్నరసాలు, గట్టు వెంట కాసిని బంగినపల్లులు. ప్రతి చెట్టూ ఆవిడకి ఒక మనిషి కింద లెక్క. ఒకటి ఏడాది విడిచి ఏడాది కాసే పెంకిది. ఒకటి విరగబూసి పూతంతా రాల్చుకుని ఏడిపించేది. ఇంకోదాని కాయ టెంక దగ్గర పుల్లగా ఉంటుంది, దాన్ని చుట్టాలకి పంపకూడదు. నాకు మాత్రం అవన్నీ మామిడిచెట్లు.

ఈ ట్రాలీ గొడవకి రెండేళ్ల ముందు వానల్లో మా ఆవిడ కాలవగట్టు మీద జారి పడింది. చీలమండ విరిగింది. లోపల ప్లేటు పెట్టి మరలు బిగించారు. బిగించాక ఒక్క మర కూడా మిగల్లేదని డాక్టరు చెప్పాడట, పనంటే అదీ అంది నావైపు చూసి. ఇంట్లో గచ్చు మీద బాగానే నడుస్తుంది. దున్నిన నేల మీద మాత్రం అడుగు పడదు. మామిడితోటంటే దున్నిన నేలే కదా, మట్టిపెళ్లలు, పాదులు, నీటి కాలవలు. నాలుగడుగులు వేస్తే పాదం పక్కకి తిరిగిపోయేది, నొప్పికి కళ్లంట నీళ్లు తిరిగేవి.

రెండు కాపులు అలాగే గడిచాయి. ఆవిడ గేటు దగ్గర కారులో కూర్చునేది, నేను లోపలంతా తిరిగొచ్చి కబురు చెప్పేవాణ్ణి. బాగుంది అనేవాణ్ణి. ఏ చెట్టు బాగుంది అని అడిగేది. అటువైపుది అనేవాణ్ణి. పోనీ ఫోన్లో వీడియో తీసుకురండి అంది. తీసుకొచ్చాను. అందులో నా బొటనవేలు, కాస్త ఆకాశం, ఎవరితోనో యూరియా గురించి మాట్లాడుతున్న నా గొంతు ఉన్నాయి. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేసింది. అడిగినన్నాళ్లూ విసుక్కున్నాను గానీ, మానేశాక నాకు దిగులు పట్టుకుంది.

అలాంటప్పుడు ఒక మామిడి వ్యాపారి తోటని గుత్తకి అడిగాడు. ఒక్క కాపుకి కాదు, కొన్నేళ్లకి. అలా ఇచ్చేస్తే ఆ ఏళ్లన్నీ నీళ్లూ, మందులూ, కోతా అన్నీ ఆయనవే. మనం వెళితే చుట్టపు చూపుగా వెళ్లి రావాలి తప్ప, కొమ్మ కొట్టమని గానీ కొట్టొద్దని గానీ అనడానికి ఉండదు. మా ప్రాంతంలో అందరూ ఇచ్చేదే, తప్పేం లేదు. ఆవిడ పొయ్యి దగ్గర పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఇచ్చేద్దామండి. కళ్లతో చూడలేని తోట మనకెందుకు?" అంది.

కరివేపాకు అయిపోయింది తెండి అన్నంత మామూలుగా అంది. నాకు భయం వేసింది. తోట పోతుందని కాదు. ఆ తోటతోపాటు ఈ మనిషిలో ఏదో భాగం ఇల్లు వదిలి వెళ్లిపోతుందని, మిగిలిన భాగం రోజంతా టీవీ ముందు కూర్చుంటుందని భయం. పూత విచ్చాక ఒక గురువారం వ్యాపారి తోటకే వచ్చి మాట తీసుకుంటానన్నాడు. ఆ మాట ఇచ్చేలోపు ఒక్కసారి తోటంతా కళ్లారా చూడమని మా ఆవిణ్ణి అడిగాను. ఎలా చూడమంటారు అంది. ఏదో ఒకటి చేస్తాను అన్నాను. మా ఇంట్లో ఈ మాట వినపడితే అందరూ జాగ్రత్తపడతారు.

మొదట కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులతో మోయిస్తానన్నాను. నన్నేమైనా ఊరేగిస్తున్నారా అని ఒప్పుకోలేదు. ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుంటే ఆ కుదుపులకి కాలు మళ్లీ మొదటికొస్తుంది. సరిగ్గా అప్పుడే కృష్ణ ఒడ్డున ఒక రిసార్టు మూసేస్తున్నారని, అక్కడ జనం సరదాకి తిరిగే ఏటీవీలు అమ్ముతున్నారని తెలిసింది. వెళ్లి చూశాను. నాలుగు లావుపాటి చక్రాలు, పైన మోటార్‌సైకిల్ లాంటి హ్యాండిలు, మెత్తటి సీటు. మట్టిపెళ్లలు, కాలవలు, పాదులు దేన్నీ లెక్కచేయదు. కాలితో పని లేదు, కుడిచేతి బొటనవేలితో నొక్కితే వెళుతుంది, వదిలితే ఆగుతుంది. ఒకటి చాలు. కానీ నేను ఒకదానిమీద ఎక్కి ఆ రిసార్టు ఇసకలో ఒక చుట్టు తిరిగాను. దిగేసరికి నా వయసులో సగం తగ్గింది. రెండూ కొన్నాను.

వ్యానులోంచి దింపిస్తుంటే మా ఆవిడ వరండాలోంచి చూసి, ఈ కప్పలేంటి అంది. నిజంగానే అలాగే ఉన్నాయి, నేలకి అతుక్కుని, కాళ్లు బారజాపి. ఒకటి నీకు, ఒకటి నాకు అన్నాను.

"నా కాలు విరిగింది సరే. మీ కాలికేమైంది?" అంది.

పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

చిక్కేంటంటే ఈ బళ్లు రోడ్డెక్కకూడదు, వాటికి నంబరుండదు. మా ఇంటికీ తోటకీ మధ్య నూజివీడు మొత్తం ఉంది. తోటలోనే ఉంచేద్దామంటే, గేటుకి తాళం ఉన్నా కంచెకి లేదు. వెళ్లేటప్పుడు అద్దె వ్యానులో తీసుకెళ్లి, వచ్చేటప్పుడు తెచ్చుకుంటే సరిపోతుందని మా ఆవిడ అంది. బుద్ధున్నవాడైతే సరేననేవాడు. మన ట్రాలీ ఇంట్లో ఉండగా అద్దె బండెందుకు అన్నాను. మా చిన్న ట్రాక్టర్ వెనక తగిలించే బుల్లి ట్రాలీ అది. చెట్ల మధ్య తిరుగుతూ కాయల ట్రేలు మోయడానికి పుట్టింది. ఇరుసుకి రెండే చక్రాలు. దాని జన్మలో రాని కష్టం ఆ వారంలో వచ్చింది.

ముందు కొలతలు తీశాను. టేపు కనపడలేదు. నైలాను తాడుకి ముళ్లు వేసి కప్ప వెడల్పు కొలిచాను, చక్రం నుంచి చక్రానికి. రెండు కప్పలూ పక్కపక్కన పడతాయని తేలింది. లెక్క సరిపోయిందని నాకు నేనే టీ పెట్టించుకుని తాగాను. మర్నాడు ఎక్కిస్తే తెలిసింది, హ్యాండిళ్లు చక్రాలకన్నా బయటికి ఉంటాయని. మొదటిది ఎక్కింది. రెండోది పక్కకి దూరబోయి, దెబ్బలాడుకునే గేదెల కొమ్ముల్లా రెండిటి హ్యాండిళ్లూ పెనవేసుకున్నాయి. విడదీయడానికి ఊళ్లోంచి నలుగురిని పిలవాల్సి వచ్చింది. పిలిచింది నలుగుర్నే, వచ్చింది వీధంతా.

సరే, పక్కపక్కన కాకపోతే ఒకదాని వెనక ఒకటి. దానికి ట్రాలీ పొడుగు చాలదు. ఆగిరిపల్లి రోడ్డులో వెల్డింగ్ షాపు ఉంది. ఆ మేస్త్రి చాలా మంచివాడు, ఆయన నోటివెంట కాదు అనే మాట రాదు. వెనక మూడడుగులు పెంచగలవా అంటే పెంచేద్దామండి అన్నాడు. వెనక తలుపుని కిందకి వాలితే ర్యాంపులా మార్చగలవా అంటే మార్చేద్దామండి అన్నాడు. నా జీవితంలో నా ఆలోచనలన్నిటికీ ఒప్పుకున్న మనిషి ఆయనొక్కడే. అలాంటి మనిషి దొరికినప్పుడే జాగ్రత్తపడాలని నాకు తట్టలేదు.

పెంచాం. ముందు కప్ప ఎక్కింది. నేను దర్జాగా ట్రాక్టర్ సీటు మీద కూర్చుని, రెండోదాన్ని ఎక్కించమని చెయ్యూపాను. ఎక్కించారు. పెంచిన మూడడుగులూ ఇరుసుకి వెనకవైపు ఉన్నాయి కదా, ఆ బరువుకి ట్రాలీ వెనక్కి వాలి ముందు భాగం లేచింది. దానికి తగిలించిన ట్రాక్టర్ వెనక చక్రాలు లేచాయి. వాటిమీద కూర్చున్న నేనూ లేచాను. అచ్చం కప్పల తక్కెడే. మేస్త్రి కింద నుంచి నన్ను చూసి, లేచిందండి అన్నాడు. నాకు ఆ సంగతి తెలుసునని చెప్పాను. ఇలా అవుతుందని ముందే అనలేకపోయావా అని దిగాక అడిగితే, నేనూ ఇప్పుడే చూశానండి అన్నాడు.

ఇరుసు వెనక్కి జరిపించాను. జరిపితే చక్రం మీది మడ్‌గార్డు ర్యాంపుకి అడ్డమొచ్చింది. మడ్‌గార్డు కోయించాను. ర్యాంపు పొట్టిదవడంతో మరీ నిటారుగా ఉండి, కప్ప ముందు చక్రాలు ట్రాలీలో, వెనక చక్రాలు ర్యాంపు మీద ఉండగా పొట్ట అంచుకి తట్టుకుని ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. వరండాలోంచి, కప్ప కూర్చుందండీ అని వినపడింది. ఆ గొంతులో నవ్వుంది. చాలా నెలల తర్వాత విన్న నవ్వు. నిజం చెప్పాలంటే, ఆ వారమంతా నేను వెధవనవుతున్నకొద్దీ ఆవిడ కుర్చీ టీవీ ముందునుంచి వరండాలోకి, వరండా నుంచి మెట్ల దాకా జరుగుతూ వచ్చింది. అందుకని నేనూ పెద్దగా సిగ్గుపడలేదు. ర్యాంపుని పొడిగించి, మధ్యలో మడతపడేలా చేయించాను. బుధవారం సాయంత్రానికి రెండూ ఎక్కాయి, ఏదీ లేవలేదు.

గురువారం పొద్దున్నే బయల్దేరడం. ఇక్కడే నా అసలు తెలివి బయటపడింది.

మా వైపు ట్రాలీలో ఏది పెట్టినా ముందు వరిగడ్డి పరుస్తాం. కాయ నలగకూడదు, కాయకి కాయ రాసుకోకూడదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేసిన పని, చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఖాళీ ట్రాలీ చూస్తే గడ్డి పరవాలనిపిస్తుంది. కప్పలకి గీతలు పడకూడదని, కుదుపులకి ఒరిగిపోకూడదని మోకాలెత్తు ఎండుగడ్డి పరిచాను. ఎక్కించాక పక్కల సందుల్లో, పొట్టల కింద కూడా కూరాను, బంగినపల్లి కాయలకి కూరినట్టే. తరవాత పూజ. కొత్త బండికి పూజ లేకుండా ఎలా? పసుపు, కుంకుమ, హ్యాండిలుకి బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు. రెండు ఇంజన్లూ స్టార్టు చేసి ఉంచాను, పూజ వేళకి బండి ఆడుతూ ఉంటే శుభమని. హారతి ఇచ్చేటప్పుడు, గడ్డి ఉందండీ, కర్పూరం జాగ్రత్త అని మా ఆవిడ హెచ్చరించింది. నాకు తెలియదా అన్నాను. పళ్లాన్ని దూరంగా పట్టుకుని, ఒక్క నిప్పురవ్వ పడకుండా హారతిచ్చి, కర్పూరం ఆరేదాకా నిలబడి మరీ పక్కన పెట్టాను. పూజ జరిగినంతసేపూ పైన నేను నిప్పుని కాపలా కాస్తుంటే, కింద గడ్డిలో రెండు సైలెన్సర్లు ఎర్రగా కాగుతున్నాయి.

ట్రాక్టర్ నేను నడిపాను. మా ఆవిడ వెనక ఆటోలో, తెలిసిన ఆటో అతనే. నూజివీడు బజారులో జనం ఆగి చూశారు. ఒకాయన ఫోను తీసి వీడియో కూడా తీశాడు. నేను వెన్ను నిటారుగా పెట్టి, ఎవరి పెళ్లికో వెళుతున్నవాడిలా పోనిచ్చాను. ఊరు దాటి ముసునూరు దారిలో పడ్డాక వెనక ఆటో హారను మొదలుపెట్టింది. ఆగకుండా కొడుతోంది. ఆవిడకి హుషారొచ్చిందనుకుని చెయ్యూపాను. జేబులో ఫోను అదురుతోంది. బజారులో చూసినవాళ్లెవరో మెచ్చుకోడానికి చేస్తున్నారనుకున్నాను. ఆటో నా పక్కకి వచ్చింది, మా ఆవిడ చెయ్యి బయటపెట్టి కిందకి కిందకి ఊపుతోంది. మెల్లగా పొమ్మంటోంది కాబోలని వేగం తగ్గించాను. నేను తగ్గించగానే, అప్పటిదాకా వెనకాల వస్తున్న పొగ నన్ను దాటుకుని ముందుకెళ్లింది.

దిగి చూసేసరికి వెనక కప్ప కింద గడ్డి అంటుకుని ఉంది. అదృష్టం కొద్దీ ఆ పక్క తోటలో పూతకి తేనెమంచు పురుగు మందు కొడుతున్నారు. వాళ్లు అరుపులు విని స్ప్రేయరు పైపు రోడ్డుదాకా లాక్కొచ్చి, ట్యాంకులో కలిపి ఉన్న మందునీళ్లతోనే మంటార్పారు. రెండు కప్పల్నీ, ట్రాలీనీ, నన్నూ కలిపి తడిపారు. ఆ రోజు నా దగ్గరికి ఏ పురుగూ వచ్చి ఉండదు.

వెనక దాని సీటు కాలి స్పంజు బయటపడింది. వైర్లు ముద్దయ్యాయి, ఒక టైరు కరిగి రింగుకి అంటుకుపోయింది. బంతిపూలు మాత్రం అలాగే ఉన్నాయి. మందు కొట్టేవాళ్లలో పెద్దాయన గడ్డి ఎందుకేశారండి అని అడిగాడు. గీతలు పడకుండా అన్నాను. నవ్వుతాడనుకున్నాను. అవునండి, గడ్డి లేకపోతే రాసుకుపోవూ అని తలూపాడు. మిగతావాళ్లూ అంతేగా అన్నారు. మామిడిదేశంలో నన్ను తప్పుపట్టడానికి ఒక్కడు దొరకలేదు. ఆ ఓదార్పు నన్ను ఇంకా చంపేసింది.

రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాను. ఇప్పటిదాకా నవ్వుతూ చెప్పుకొచ్చాను గానీ, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. వారం రోజులు ఇనుము కోయించి, అతికించి, ఊరందర్నీ నవ్వించి, చివరికి ఆవిడకి తోట చూపించడం కూడా చేతకాలేదు. మధ్యాహ్నానికి వ్యాపారి వస్తాడు, మాట ఇచ్చేస్తాం, అయిపోతుంది. ఇంటికి పోదాం పద, ఆయనకి ఫోనులోనే చెప్పేద్దాం అన్నాను.

మా ఆవిడ ఆటో దిగి, తారు రోడ్డు మీద కాలీడ్చుకుంటూ వచ్చింది. కాలినదాన్ని ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. ముందు కప్ప సీటు మీది బూడిద కొంగుతో తుడిచి, "ఇది నడుస్తుందా?" అంది.

ఎక్కి స్టార్టు నొక్కాను. దగ్గింది. మళ్లీ నొక్కాను. మందు కంపు కొట్టే పొగ వదిలి, ఆడింది.

"మరి పదండి," అంది. వెళ్లి ఆటోలో కూర్చుంది.

తోట గేటు దగ్గర పగలు మాత్రం కాపలా ఉండే అతను ర్యాంపు దింపడానికి సాయం పట్టాడు. అంత కష్టపడి మడత పెట్టించిన ర్యాంపు ఒకే ఒక్క బండి దిగడానికి పరుచుకుంది. ఆవిడ స్టూలు మీద కాలుపెట్టి ఎక్కింది. పుట్టాక సైకిలు కూడా తొక్కిన మనిషి కాదు. ఎన్నేళ్లుగానో ఎక్కడికి వెళ్లినా నేను నడిపితే వెనక కూర్చున్న మనిషి. బ్రేకు గురించి, గేరు గురించి, మలుపులో బరువు ఎటు వేయాలనేదాని గురించి నేను ఇంటి దగ్గరే పెద్ద పాఠం తయారుచేసుకున్నాను. రెండో వాక్యంలో ఉండగానే, బొటనవేలేగా అని ముందుకి నొక్కింది.

మొదట్లో ఎగిరి ఆగింది, ఎగిరి ఆగింది. సైకిలు నేర్చుకునేవాళ్ల సీటు పట్టుకున్నట్టు వెనక కమ్మీ పట్టుకుని నేను పక్కనే నడిచాను. మొదటి వరస దాటేదాకా పట్టుకోనిచ్చింది. రెండో వరస తిరగ్గానే, వదలండి అంది. వదిలాను. పాదులు ఎక్కి దిగుతూ, కాలవ దాటి వెళ్లిపోయింది. వెంట పరిగెత్తబోయాను గానీ నా ఊపిరి నాలుగు చెట్లదాకా కూడా రాలేదు. మట్టిపెళ్లల మీద తూలి, కొమ్మ పట్టుకుని నిలబడ్డాను. మనిషి కనపడదు. శబ్దమే.

ఇంజను ఒక చోట ఆగుతుంది. కాసేపు ఏమీ వినపడదు. మళ్లీ మొదలై, ఇంకో చోట ఆగుతుంది. ప్రతి చెట్టు దగ్గరా ఆగుతోందని అర్థమైంది. ఏ చెట్టు దగ్గరుందో, ఏం చూస్తోందో నాకు తెలియదు. వెళ్లి చెప్పేవాళ్లు లేరు. రెండు కాపుల పాటు ఆవిడ కారులో ఇలాగే కూర్చుంది కదా, నేను వెళ్లి బాగుంది అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను కదా అనిపించింది.

ఒక చోట మరీ ఎక్కువసేపు నిశ్శబ్దంగా ఉంటే భయమేసి, పడుతూ లేస్తూ అటు వెళ్లాను. ఉత్తరపు గట్టు దగ్గర బండి మీదే కూర్చుని ఉంది. కిందకి వంగిన కొమ్మ ఒకటి ఒళ్లోకి లాక్కుని, పూతగుత్తిలో మొహం పెట్టి ఏడుస్తోంది. నెమ్మదిగా, చాలాకాలంగా దాచుకున్నది అంతా తీసి బయటపెడుతున్నట్టు ఏడుస్తోంది. నన్ను చూసిందో లేదో తెలియదు. నేను దగ్గరికి వెళ్లలేదు. అది వాళ్లిద్దరి మధ్య సంగతి.

మళ్లీ గేటు దగ్గరికి వచ్చేసరికి జుట్టులో ఆకులు, జాకెట్టు చేతుల మీద పుప్పొడి. మొహం కడిగినట్టు ఉంది. ఇంజను ఆపింది గానీ దిగలేదు. మూడో వరసలో రెండు చెట్లకి కాండం తొలిచే పురుగు పడిందని, రంధ్రాల్లోంచి పొట్టు రాలుతుంటే ఎవరికీ కనపడలేదా అని మొదలుపెట్టింది. గట్టు పక్క పాదులు పూడిపోయాయంది. ఎండుకొమ్మలు కొట్టినవాడెవడో మొదలుదాకా కొట్టకుండా మోళ్లు వదిలేశాడంది. పెంకి చెట్టుకి ఈ ఏడు కాపు లేకపోవాలి, అయినా ఒకవైపు పూసింది, దానికేదో బుద్ధొచ్చింది అంది. కాపలా అతను తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. అంత హాయిగా తిట్లు తిని చాలాకాలమైంది.

తరవాత, "ఆయన్ని రావద్దని చెప్పండి," అంది. అని బండి తిప్పుకుని, ఇంకా చూడాల్సిన వరసలున్నాయని మళ్లీ చెట్లలోకి వెళ్లిపోయింది.

వ్యాపారికి ఫోను చేసి, తోట ఇవ్వడం లేదండి, ఏమనుకోవద్దు అన్నాను. ఆయన అప్పటికే నూజివీడు దాకా వచ్చేశాడట. ఇంకెవరైనా ఎక్కువిస్తామన్నారా, చెప్పండి, మనం మనం చూసుకుందాం అన్నాడు. చెట్ల మధ్య నుంచి ఇంజను శబ్దం ఆగుతూ, మొదలవుతూ వినపడుతోంది.

"అబ్బే, అదేం లేదండి," అన్నాను. "తోటగలావిడ వచ్చేసిందండి."